జాజి పాట

తవిటయ్య బాయిలర్ లోపల వీపు ఆనించి కూర్చుని, రెండు మోకాళ్ళ మధ్య ఇనుప దిమ్మను ఇరికించుకుని, ఎర్రగా కాలిన రివెట్టు తలకు అదిమిపట్టాడు. బయట గాలిసుత్తి మొదలైంది. దిమ్మలోంచి మోచేతుల్లోకి, అక్కణ్ణించి దవడలోకి అదురు పాకింది. చెవుల్లో కొబ్బరినూనెలో తడిపిన దూది ఉంది. ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే. పెళ్ళి కాకముందు నుంచీ ఈ పనిలో ఉన్నవాడికి చెవులు మిగిలి ఉంటే అదీ వింత.

పొట్టి మనిషి. బాయిలర్‌లో దూరడానికే పుట్టాడని తోటివాళ్ళ ఎగతాళి. లోపల వంగి వంగి మెడ ముందుకు సాగిపోయింది. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి, నల్లగా గట్టిపడింది. మాట్లాడితే మొహమంతా నవ్వుతాడు గానీ, సగం నవ్వులు మాట అర్థం కాక నవ్వేవే.

శనివారం ఒంటిపూట. సైరను మోగిందని, పక్కవాళ్ళు పనిముట్లు దింపుతుంటే తెలుసుకున్నాడు. ఇంటికి పోయి, ఒంటి మసి వదిలేలా రుద్దుకుని అన్నానికి కూర్చున్నాడు. భార్య అప్పలనర్సమ్మ ఎదురుగా వచ్చి, పెదాలు చూసి మాట పట్టుకుంటాడని నోరు బాగా తెరిచి అడిగింది.

"ఈయేల కూడా ఎల్తావేటి? వానొచ్చీలాగుంది."

"ఎల్తాను. ఆమోసన్న పాటలెట్టుకోని కాసుకోనుంటాడు."

"నీకు ఇనపడదని ఆ బాబుకి సెప్పీరాదా? ఎన్నాళ్ళీ దొంగేసాలు?"

తవిటయ్య పులుసు కలుపుకోవడంలో మునిగిపోయాడు. ఈ ఒక్క మాట మాత్రం ఎంత గట్టిగా అరిచినా అతనికి వినపడదు.

చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. చెవిటివాడికి పాటేమిటని ఆమోసు అనడు, మంచివాడు. జాలిపడతాడు. గ్రామఫోను ప్లేటు తీసి పక్కన పెట్టి, టీ ఇప్పించి, ఊరి కబుర్లు చెప్పి పంపిస్తాడు. శనివారాలు అక్కడితో సరి. వారమంతా బాయిలర్ కడుపులో ముడుచుకుని కూర్చునేది ఆ ఒక్క సాయంత్రం కోసమే. అది పోతే ఇక దేనికోసం లేవాలో తవిటయ్యకు తోచదు.

పెరట్లో జాజిమొగ్గలు కోసి ఆకులో పొట్లం కట్టాడు. సన్నాయి ప్లేటును పాత చీరముక్కలో చుట్టి చంకన పెట్టుకుని, ఆమోసు ఉండే తాల్‌బగీచా దారి పట్టాడు.

ఆ మొగ్గల వెనక ఒక పొరపాటుంది. ఆమోసు రైల్వేలో ఫిట్టరుగా చేసేవాడు. సాయంత్రాలు ఇన్‌స్టిట్యూట్ క్లబ్బు డాన్సుల్లో జాజ్ సంగీతానికి బాకా ఊదేవాడు. ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఒక ఆంగ్లో-ఇండియన్ గార్డు అతనికి ప్లేట్ల పెట్టె ఇచ్చిపోయాడు. పెళ్ళి సన్నాయి వెనకాల ఊళ్ళు తిరిగిన కుర్రతనం తవిటయ్యదని విని, "శనోరం రా, నీ సన్నాయి తే, నా జాజ్ ఇనిపిస్తాను" అన్నాడు. తవిటయ్య జాజి అనుకున్నాడు. పూలమీద పాటకు వట్టిచేతులతో ఎలా వెళ్ళడమని దోసెడు జాజులు పట్టుకెళ్ళాడు. ఆమోసు కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, పూలు గాజుగ్లాసులో వేసి గ్రామఫోను పక్కన పెట్టాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో జాజ్ అన్నవాడు లేడు. జాజి పాటే.

వినడానికి అక్కడ కట్టుబాట్లున్నాయి. అతిథి ప్లేటు ముందు. ప్లేటు ఆగేదాకా కన్ను తెరవకూడదు, నోరు మెదపకూడదు. కాలితో తాళం వేశారో, "బైటికెల్లి తన్నుకో" అనేవాడు ఆమోసు. అలాంటివాడు ఈ మధ్య తానే మడమతో తాళం మొదలుపెట్టాడు. సిమెంటు నేల చలి చేస్తోందని తన కుర్చీకీ తవిటయ్య స్టూలుకీ కింద ఒకే పొడుగు చెక్క కూడా వేయించుకున్నాడు. ముసలితనం చాదస్తమని తవిటయ్య సరిపెట్టుకున్నాడు. అతనికి మాత్రం ఆ చాదస్తం మహోపకారమైంది. అరచెయ్యి గ్రామఫోను పెట్టె మీద, పాదాలు చెక్క మీద పెడితే చాలు, పాట ఎటు పోతోందో తెలిసేది.

ఇవాళ ఆమోసు మొహం పాలిపోయి ఉంది. రొమ్ము ఎగసెగసి పడుతోంది. అతని భార్య అన్నమ్మ గుమ్మంలో నిలబడి చేతులు తిప్పుతూ కోప్పడుతోంది.

"పడుకోమంటే ఇనడు తవిటయ్యా! నువ్వైనా సెప్పు."

"పడుకో అన్నా, వొచ్చేవారం ఇందాం."

"నువ్వొచ్చినాక పడుకుంతానేటి! ఎట్టు నీ ప్లేటు."

సన్నాయి మీద కల్యాణి రాగం మోగింది. తన ప్లేటుకు తవిటయ్యకు చెవులతో పని లేదు. ప్రతి గమకమూ లోపలే ఉంది. ముల్లు ఆనగానే అది దానంతట అదే పాడుకుంటుంది. కన్నీళ్ళు వచ్చాయి, తుడుచుకున్నాడు.

తరవాత జాజి పాట. అన్నమ్మ టీకి లోపలికి వెళ్ళింది. ఆమోసు కీ తిప్పి, ముల్లు ఆనించి, కుర్చీలో వాలి కళ్ళు మూశాడు. తవిటయ్యా మూశాడు. అరచేతిలో పెట్టె సన్నగా వణికింది. పాదాల కింద చెక్కలో ఆమోసు మడమ పలికింది. టక్కు, టక్కు, మధ్యలో ఒక ఎగుడు దెబ్బ. తవిటయ్య తల ఊపాడు. వానలో తడుస్తూ ఎవరో గంతులేస్తూ పోతున్నట్టుంది.

మడమ ఆగింది.

బాకా ఒక్కటే పాడే చోటు కాబోలు, అక్కడ ఆపుతాడు అనుకున్నాడు తవిటయ్య. పెట్టె ఇంకా వణుకుతూనే ఉంది. కట్టుబాటు కట్టుబాటే. కళ్ళు మూసుకునే, మళ్ళీ పడే దెబ్బ కోసం పాదాలు ఒగ్గి కూర్చున్నాడు. పడలేదు. పెట్టె వణుకు మందగించి, ఆగిపోయింది.

కళ్ళు తెరిచాడు. ఆమోసు తల భుజం మీదికి ఒరిగి ఉంది. కాలి చెప్పు జారిపోయింది. గుమ్మంలో అన్నమ్మ నోరు తెరిచి ఉంది. ఎంతసేపటి నుంచి అరుస్తోందో.

మర్నాడు సమాధుల తోట నుంచి వచ్చాక తవిటయ్య అన్నమ్మ ముందు నేలమీద కూలబడ్డాడు.

"నా పక్కనే ఊపిరి ఆగిపోనాది వొదినా. నాకు ఇనపడనేదు. నాకు సెవుల్నేవు. ఇన్నాళ్ళూ మోసం సేసినాను."

అన్నమ్మ అతని చెవి దగ్గర నోరు పెట్టింది.

"నీకు సెవుల్నేవని ఆయనకి తెల్దనుకున్నావేటి? ఆ సెక్క ఎవులికోసం ఏయించినాడు? కాలు తడితే మండిపడీ మనిసి, మడం కాయ కాసీలాగ ఎవులికోసం తట్టినాడు?"

తవిటయ్య ఆ మాట వినపడనట్టు ఉండలేకపోయాడు. చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

గదిలో కుర్చీని గోడవారకు జరిపేశారు. గ్లాసులో నిన్నటి జాజులు వాడి గోధుమరంగుకు తిరిగాయి. చెక్క మాత్రం ఎవరూ తియ్యలేదు. కుర్చీ ఉండే వైపున, మడమ పట్టేంత మేర, అది గుంటపడి నున్నగా అరిగి ఉంది.