తోర్గిన్ కొన్న మగవాళ్ళ వాచీ

ఆల్మాతీలో, మూడో అంతస్తులోని ఆ వాటాలో పొద్దు ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. జేనెప్ అవ్వ నీళ్ళు మరిగే సమోవర్ దగ్గర కూర్చుని పాలు కలిపిన టీ గిన్నెల్లో పోసేది. కూతురు తోర్గిన్ నిన్న నూనెలో వేయించిన పిండి ఉండలు, బావుర్సాకులు, రెండు టీలో ముంచుకుని తినేది. గదిలో మంచు ఏమైనా మిగిలి ఉంటే చీపురుతో ఊడ్చి, తను డాక్టరుగా పనిచేసే పళ్ళాసుపత్రికి బయల్దేరేది.

మంచు సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. అవ్వ దగ్గర్లో ఉండగా ఎవరు అబద్ధమాడినా వాళ్ళ నెత్తిన మంచు రాలేది. చిన్న అబద్ధానికి నాలుగు పలుకులు, పెద్దదానికి భుజాలు నిండేంత. కింది వాటా ఆవిడ కొత్త కోటు ధర గొప్పగా చెప్పబోయి, తల దులుపుకుని, అసలు ధర చెప్పి నవ్వేసేది. అవ్వ ఎవరినీ ఏమీ అనేది కాదు. తడిసినవాళ్ళకి తువ్వాలు అందించేది, అంతే. ఫోనులో ఎవరైనా అబద్ధం చెబితే మాత్రం, పాపం, ఫోను పట్టుకున్నవాళ్ళే తడిసేవాళ్ళు.

ఎల్దోస్ ఫోను వచ్చినప్పుడల్లా తోర్గిన్ మెట్ల మీదికి పోయి మాట్లాడేది. "ఇంట్లో సరిగా వినపడదమ్మా" అనేది తల్లితో, జుట్టు మీద రెండు పలుకులు పెట్టుకునే.

ఎల్దోస్ ఆస్తానాలో ఉంటాడు. రెండేళ్ళ కిందట చుట్టాల పెళ్ళి విందులో పరిచయమయ్యాడు. పని మీద ఆల్మాతీ వస్తే ఆమెను మంచి హోటలుకి తీసుకెళ్ళేవాడు, కొండల వైపు కారులో తిప్పేవాడు. ఇంటికి మాత్రం ఎన్నడూ రాలేదు. తోర్గిన్‌కి నలభై ఆరేళ్ళు. తండ్రి పోయాక తమ్ముళ్ళ చదువులూ పెళ్ళిళ్ళూ చూసి, తన సంగతి మరిచిపోయిన మనిషి. ఇన్నాళ్ళకి ఒకరు పేరుపెట్టి ప్రేమగా పిలిస్తే, ఆ పిలుపు చుట్టూ ఒక ఇల్లే కట్టుకుంది.

ఒకసారి హోటల్లో పక్క బల్ల దగ్గరి మనిషి చేతికున్న స్విట్జర్లాండ్ వాచీని చూసి, "జన్మకి ఒక్కసారైనా అలాంటిది పెట్టుకోవాలి" అన్నాడు ఎల్దోస్. నిశ్చితార్థానికి అదే ఇస్తే ఇంక పెళ్ళి వాయిదా వెయ్యడని తోర్గిన్‌కి తోచింది. కొత్తది ఆమెకి అందే ధర కాదు. ఎవరైనా వాడినది అమ్ముతారేమోనని వెతకడం మొదలుపెట్టింది.

మొదట వచ్చినవాడు తళతళలాడే వాచీ పట్టుకుని నేరుగా ఇంటికే వచ్చాడు. ఎక్కడ కొన్నాడో చెప్పడం మొదలుపెట్టగానే కనుబొమల దాకా మంచు పేరుకుంది. అవ్వ ఇచ్చిన తువ్వాలుతో సహా మెట్లు దిగి పారిపోయాడు. రెండోవాడు ముందు డబ్బు పంపితేనే వాచీ చూపిస్తానన్నాడు. వాడికి తోర్గిన్ జవాబే ఇవ్వలేదు.

మూడో మనిషి కైరొల్లా. కొండ మీది వాతావరణ కేంద్రంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. "నా మాట నమ్మొద్దు తల్లీ" అన్నాడు ఫోనులోనే. బజారు పక్కన పాత వాచీ మెకానిక్కు ఉన్నాడట, పట్టపగలు అక్కడ కలుద్దాం, మూత విప్పించి చూసుకో, నంబరూ కాగితాలూ సరిపోతేనే డబ్బు బాంకు ద్వారా పంపు, చేత్తో తేవద్దు అన్నాడు. తోర్గిన్ తల్లిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది.

మెకానిక్కు కంటికి భూతద్దం తగిలించుకుని వెనక మూత విప్పాడు. లోపల చిన్న చక్రాలు నిద్రలో ఊపిరి తీసే పసిపాపలా కదులుతున్నాయి. చాలాసేపు చూసి, అసలుదేనన్నాడు. లోపలి నంబరే కాగితాల మీదా ఉంది, కాగితాల మీది పేరు కైరొల్లాదే.

"ఎందుకు అమ్మేస్తున్నారు, అగా?" అని, పెద్దన్నని పిలిచినట్టు, అడిగింది తోర్గిన్.

"గర్వం కోసం కొన్నానమ్మా, నలుగురూ చూడాలని. ఆ నలుగురూ పోయారు. ఇప్పుడు నా తోటలో ఆపిల్ చెట్లున్నాయి, అవేమో వాచీ వంక చూడవు."

ఆయన భుజం మీద ఒక్క పలుకు కూడా పడలేదు. అవ్వ ఆయన వైపు చూసి తల ఊపింది.

"మరి ఇది ఎవరికమ్మా?" అన్నాడాయన.

"నాకు కాబోయే ఆయనకి. మా ఇంటికి రావాలనే ఆయన తొందర. అమ్మకే ఒంట్లో బాగుండక నేనే వద్దంటూ వస్తున్నా..."

మాట పూర్తికాలేదు. జూన్ ఎండ కిటికీలోంచి పడుతుండగానే తోర్గిన్ తల మీద, భుజాల మీద, ఒళ్ళో ఉన్న చేతుల మీద మంచు కురిసింది. మెత్తగా, చప్పుడు లేకుండా, ఆగకుండా. కైరొల్లా మూత తీసి ఉన్న వాచీ తడవకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు. అవ్వ సంచిలోంచి తువ్వాలు తీసి కూతురి భుజాల మీద కప్పింది.

"తొందరేం లేదు తల్లీ" అన్నాడు కైరొల్లా. "నీకు కావాలనుకున్నప్పుడే చెప్పు. అందాకా ఎవరికీ అమ్మను."

ఆ సాయంత్రం ఎల్దోస్ ఫోను మోగినప్పుడు తోర్గిన్ మెట్ల మీదికి పోలేదు. తల్లి ఎదురుగానే టీ బల్ల దగ్గర కూర్చుని మాట్లాడింది. వచ్చే నెల తప్పకుండా వస్తానన్నాడతను. మంచు పడింది. ఈసారి ఆఫీసులో ఊపిరాడటం లేదన్నాడు. జామ్ గిన్నె మీదా, చక్కెర మీదా పడింది. రాత్రుళ్ళు నీ గురించే ఆలోచిస్తుంటానన్నాడు. ఆమె కనురెప్పలు తెల్లబడ్డాయి.

"ఇక్కడ మంచు పడుతోంది, ఎల్దోస్" అంది.

"జూన్ నెలలోనా?"

"అమ్మ నా ఎదురుగా ఉంది."

అవతల తలుపు మూసిన చప్పుడు. ఆ పెళ్ళి విందులోనే చుట్టాలెవరో అతనికి అవ్వ సంగతి చెప్పే ఉంటారు. అతను గడప తొక్కకపోవడానికి కారణం ఇన్నాళ్ళకి ఆమెకి అర్థమైంది. కోపం రాలేదు. దూరంగా వెళ్తున్న రైలు కూత విన్నట్టు ఆ చప్పుడు విన్నది.

"నాకు భార్య ఉంది, తోర్గిన్" అన్నాడు చివరికి.

ఆ మాటకి ఒక్క పలుకు కూడా రాలలేదు. రెండేళ్ళలో అతను ఆమె ఇంట్లోకి పంపిన పొడి మాట అదొక్కటే.

"మంచిది. ఇంక ఫోను చెయ్యకు" అని ఆమె ఫోను బోర్లించింది. అవ్వ లేచి వచ్చి కూతురి వెనక కూర్చుని, తడి జుట్టు విప్పి, దువ్వెనతో మెల్లగా దువ్వసాగింది. తోర్గిన్ ఏడ్చింది. అవ్వ ఆపమనలేదు. జుట్టు ఆరేసరికి ఏడుపూ ఆరింది.

మరుసటి వారం తోర్గిన్ కైరొల్లాకి తనే ఫోను చేసింది. మళ్ళీ అదే దుకాణంలో కలిశారు. డబ్బు బాంకు నుంచి వెళ్ళింది. ఆయన కాగితాలన్నీ ఆమె పేర సంతకం చేసి ఇచ్చాడు. వాచీ ఇచ్చేటప్పుడు, చిన్న పిల్లని అప్పజెప్పినట్టు, రోజూ దీనికి కాస్త కీ ఇవ్వాలమ్మా అన్నాడు.

"మరి ఇప్పుడు ఎవరికి?" అని నవ్వుతూ అడిగాడు.

"నాకే."

మెకానిక్కు పని ఆపి ఆమె తల వంక చూశాడు. కైరొల్లా చూశాడు. అవ్వ మాత్రం చూడలేదు, సంచి సర్దుకుంటోంది. గోడ మీది గడియారాలు వాటి పాటికి అవి కొట్టుకుంటున్నాయి.

మగవాళ్ళ వాచీ కదా, తోర్గిన్ సన్నటి మణికట్టు మీంచి మోచేతి దాకా జారిపోయింది. మెకానిక్కు చైనులోంచి మూడు ముక్కలు తీశాడు. ఇంకోటి తీస్తే ఇది ఇంకెవరి చేతికీ పట్టదు డాక్టరమ్మా, ఆలోచించుకోండి అన్నాడు.

తోర్గిన్ చెయ్యి ఎత్తి ఒకసారి ఆడించి చూసుకుంది.

"తీసెయ్యండి" అంది. "ఇంకా వదులుగానే ఉంది."