చెరువులో మూడు రాళ్ళు

వీరరాఘవరావును పన్ను నొప్పి వారం రోజులు వేపుకు తింది. అయితే పన్ను పీకించుకున్నాక పట్టుకున్న అనుమానం ముందు ఆ నొప్పి ఏపాటిదీ కాదు.

యాకుత్‌పురా స్టేషను వెనక సందులో అతను అద్దెకుండే వాటాకు గోడ అవతలే షెన్ డాక్టరు ఇల్లు. ముందు గదిలోనే పళ్ళ దవాఖానా. షెన్ తాత చైనా నుంచి కలకత్తా మీదుగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. షెన్ పుట్టింది ఈ సందులోనే. అయినా చైనా యుద్ధం తర్వాత ఏటేటా పోలీసుల దగ్గరికి వెళ్ళి, ఉండడానికి పర్మిట్ తెచ్చుకోవాలి. ఈసారి, అంటే 1973లో, ఇరుగుపొరుగునూ అడుగుతారని, పోలీసు జవాను ఇంటింటికీ వస్తాడని సందంతా చెప్పుకుంటున్నారు.

పన్ను పీకి, దూది పెట్టి, షెన్ చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. అప్పుడు పడింది రాఘవరావు కంట ఆ పటం. బల్ల మీద పరిచి, నాలుగు మూలలా మందు సీసాలు పెట్టి ఉంది. పెద్ద చెరువు. నడిమధ్య పొడుగ్గా కట్ట, కట్టకు వంతెనలు, మూడు వైపులా గుట్టలు, నాలుగో వైపు పట్నం. నీళ్ళ మధ్య నల్లగా మూడు చుక్కలు, పక్కన చైనా రాత.

మరొకడైతే బొమ్మ బాగుందనుకుని ఇంటికి పోయేవాడు. రాఘవరావు ఖర్మ కొద్దీ డ్రాఫ్ట్స్‌మన్. బెజవాడ నుంచి వచ్చి, సర్కారీ ఆఫీసులో పన్నెండేళ్ళుగా చెరువుల పటాలే గీస్తున్నాడు. ఆ పటంలో మూడు రకాల సిరాలు కనిపెట్టాడు. పాత గీత గీకేసి కొత్తది వేసిన గరుకూ కనిపెట్టాడు. అలాంటి జాడలు పట్టడంలో అతని తర్వాతే ఎవరైనా. ఎందుకో తర్వాత చెబుతాను.

మర్నాడు దవడ వాచి ఉన్నా ఆఫీసుకు పోయి, జిల్లా చెరువుల పటాలన్నీ తిరగేశాడు. ఒక్కదానితోనూ పోలిక లేదు. పోలిక లేకపోతే అనుమానం తీరాలి కదా? తీరలేదు, రెట్టింపయింది. ఎవరూ గుర్తుపట్టకుండా మార్చి గీస్తున్నాడన్నమాట! ఇక ఆ రోజు నుంచి రెండు నెలలపాటు పిట్టగోడ మీద అతని తల లేవని సాయంత్రం లేదు. తపాలా మనిషి కవరు తెచ్చిన రోజే షెన్ ఆ పటం ముందు కూచుంటున్నాడని కూడా కనిపెట్టాడు.

భార్య శారదాంబ చూసి చూసి విసుక్కుంది. "అరవై తొమ్మిది గొడవల్లో ఆంధ్రా వాళ్ళమని మనల్నీ ఇట్టాగే చూశారు. గుమ్మం దాటలేనప్పుడు పాలు తెచ్చిచ్చింది ఎవరో మర్చిపోయారా?"

మర్చిపోలేదు. షెన్ భార్యే. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పాలు కూడా అనుమానంగానే ఉన్నాయి. ఊరికే ఎవరిస్తారు?

చివరికి పోలీసులకు అర్జీ రాశాడు. "మా సందులో ఒక మనిషి చెరువు పటమును రహస్యముగా దిద్దుచున్నాడు. విచారించ ప్రార్థన." ఆ మనిషి పేరు, ఇంటి నంబరు రాయవలసిన చోట ఖాళీ వదిలాడు. ఆ మూడు చుక్కలేమిటో తేలాక నింపుదామని.

ఆదివారం పొద్దున అర్జీ జేబులో పెట్టుకుని, లేని నొప్పి తెచ్చుకుని దవాఖానాకు వెళ్ళాడు. షెన్ నోరంతా చూసి అద్దం పక్కన పెట్టాడు.

"పన్ను మంచిగనే ఉన్నది, రాఘవరావు సాబ్. మీరు నక్షా చూడనీకి వచ్చిండ్రు. గోడ మీదికెల్లి ఏం కనవడ్తది? గిటు రండ్రి."

రాఘవరావు చటుక్కున జేబులో అర్జీ మీద చెయ్యి వేసుకున్నాడు. షెన్ అదేమీ పట్టించుకోకుండా పటం విప్పాడు. అది వాళ్ళ తాత పుట్టిన హాంగ్‌చౌ పట్నంలోని పశ్చిమ సరస్సట. తాత చూసింది గీశాడు. తర్వాత అక్కడి బంధువులు ఏది మారిందని రాస్తే అది తండ్రి దిద్దాడు, ఇప్పుడు తను దిద్దుతున్నాడు. ఒకప్పుడు అది సముద్రపు పాయ. మేట వేసి వేసి చెరువైంది. వదిలేస్తే ఎప్పుడో పొలమయ్యేది. తరతరాలుగా పూడిక తీస్తూ వచ్చారు, తీసిన బురదతోనే కట్ట పోసి చెట్లు నాటారు. ఇరవై ఏళ్ళ కింద మళ్ళీ తీశారని చిన్నాయన రాశాడట. మూడో సిరా దానిదే. షెన్ మాత్రం ఆ నీళ్ళను ఒక్కసారి కూడా చూడలేదు.

"మరి ఆ మూడు చుక్కలు?" అడిగాడు రాఘవరావు.

"రాళ్ళు. తొమ్మిదొందల ఏండ్ల కింద పెట్టిండ్రు. నీళ్ళల్ల సింగాడా కాయల తీగ వెరిగితె చెరువు పూడుకపోతది. గందుకే ఈ రాళ్ళ లోపట ఎవ్వడు ఏం ఏయొద్దన్నరు. నడుమల రాళ్ళు పోయినయ్, మళ్ళ పెట్టిండ్రు." షెన్ తలెత్తాడు. "మన దిక్కు చెరువులకు గూడ గిట్ల రాళ్ళుంటయా, సాబ్?"

ఉంటాయి. చెరువు నిండితే నీళ్ళు ఎందాకా వస్తాయో చూపే హద్దురాళ్ళు. ఇందాక తర్వాత చెబుతానన్నది ఇదే. ఈ చలికాలంలోనే రాఘవరావు గాజులకుంట పటం మీద ఆరు హద్దురాళ్ళను బ్లేడుతో గీకి, వంద గజాలు లోపలికి జరిపాడు. కుంట ఎండింది, ప్లాట్లు పడతాయి, ఉత్తర్వు కాగితం అడక్కుండా గీసెయ్యమన్నాడు పై అధికారి శ్రీహరిరావు. గీసేశాడు. ఆ పటం గీసిన ట్రేసింగు గుడ్డ ఇంకా ప్రింటుకు పోలేదు, అతని సొరుగులోనే ఉంది.

"ఉంటాయి," అన్నాడు.

"జవాను అచ్చి అడిగితె ఈ నక్షా సంగతి జెర మీరే చెప్పుండ్రి. మీరు నక్షాలు గీసేటోళ్ళు. మీ మాట నమ్ముతరు."

ఇంటికి వచ్చి అర్జీ విప్పి చదువుకున్నాడు. మా సందులో ఒక మనిషి చెరువు పటమును రహస్యముగా దిద్దుచున్నాడు. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఖాళీలో తన పేరు రాస్తే చాలు. సిగ్గుతో చచ్చిపోయాడు. కాగితం చించి పొయ్యిలో పడేశాడు.

సోమవారం పొద్దున్నే జవాను వచ్చాడు. రాఘవరావు పటం సంగతి పూసగుచ్చినట్టు చెప్పి, షెన్ మంచివాడని సంతకం పెట్టి ఆఫీసుకు వెళ్ళాడు. సొరుగులోంచి ట్రేసింగు తీశాడు. కొత్త గీత గీకేసి, ఆరు రాళ్ళనూ పాత చోటే పెట్టాడు.

మధ్యాహ్నం శ్రీహరిరావు వచ్చి బల్ల మీదికి వంగాడు. "ఎవరు మార్చమన్నారయ్యా?"

"ఎవరూ అనలేదండి. రాళ్ళు తప్పు చోట పడ్డాయి. సరిచేశాను."

శ్రీహరిరావు పటాన్ని చూశాడు, తర్వాత అతన్ని చూశాడు. వీడు ఎవరి మనిషి, లోపల ఏం పెట్టుకున్నాడు అని తల నుంచి కాళ్ళ దాకా వెతికాడు. ఆ చూపును రాఘవరావు వెంటనే గుర్తుపట్టాడు. రెండు నెలలపాటు పిట్టగోడ మీంచి షెన్‌ను తను చూసింది అలాగే.