ముసుగు వేసిన మూడు సెట్లు

ఇలా వచ్చి నా మంచం మీద కూర్చో, లక్ష్మీదుర్గా. ఒంగోలు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఫోనే చూస్తున్నావు. ప్రత్తిపాడులో మీ అఖిల వదిన కొట్టు ఎలా నిలబడిందో మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది గాని, సగమే చెప్పి ఉంటుంది. అక్కడ ఉన్నది నేను, మీ అమ్మ కాదు.

అఖిల కార్లకు పాటల సెట్లు బిగించే కొట్టు పెట్టిన కొత్తలో, "ఆడపిల్ల కారు డాష్‌బోర్డు ఊడదీస్తుందట" అని నవ్విపోయినవాళ్ళే గాని బండి తెచ్చి ఇచ్చినవాళ్ళు లేరు. నా కొడుకు, అదే మీ బుల్లయ్య మామయ్య, కూతురికి ఉగాది దాకా గడువిచ్చాడు. అప్పటికీ బేరాలు రాకపోతే తాళం వేసి, విజయవాడలో తాను చూసిన ఉద్యోగంలో చేరాలన్నాడు. పిల్ల సరేనంది. అన్నం మాత్రం సరిగా తినేది కాదు.

అంతలో నాగేంద్రబాబు కొత్త కారు కొన్నాడు. వాడు మా మరిది కొడుకు. వాడు ఏ పురుగుమందు కొడితే ఊరంతా అదే కొడుతుంది. వాడి బండికి అఖిల సెట్టు కుదిరితే కొట్టు నిలిచినట్టే.

"నా బండి వస్తుంటే చిలకలూరిపేట రోడ్డు అదరాలమ్మాయ్" అన్నాడు వాడు.

"గొంతు బాగా వినపడేది ఇంకోటుంది బాబాయ్. ఒకసారి వింటావా?"

"గొంతులు వినడానికేం, ఇంట్లో మీ పిన్నిది రోజూ వింటూనే ఉన్నాగా."

సరే, వాడి మాట ప్రకారమే ముందు వెడల్పాటి తెర, వెనక డిక్కీలో అదరగొట్టే పెద్ద డబ్బా బిగించింది.

మర్నాడు వాడు ఆ డబ్బా మీదే రెండు మిరప బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకు బయల్దేరాడు. కంటి డాక్టరుకు చూపించుకోవాలని నేనూ ఎక్కాను. అద్దాలు బిగించి, ఏసీ పెట్టి, పాట పెట్టాడు. డబ్బా ధబ్ మన్నప్పుడల్లా బస్తాలు ఎగిరిపడ్డాయి. వాటిలోంచి లేచిన ఎర్రటి పొడి సీటు వెనక నుంచి మా నెత్తిమీదికొచ్చింది. తుమ్ములు, దగ్గులు. బండి ఆపి రోడ్డు పక్కన నిలబడి, నేను కొంగు, వాడు కండువా అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాం. అటుగా ఆటోలో పోతున్న మా ఊరి జాన్ బాషా దిగొచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"ఎవరు పోయారు పెద్దమ్మా?"

"ఎవరూ పోలేదు నాయనా. పాట వింటున్నాం."

సాయంత్రం నాగేంద్రబాబు అఖిల కొట్టు ముందు బండి ఆపి, బజారంతా వినేట్టు అన్నాడు: "ఇది పీకేసెయ్. రేపు గుంటూరు పోయి పెద్ద కొట్టులో బిగించుకుంటా."

అఖిల కొట్టు మెట్టు దిగి బండి దగ్గరికొచ్చింది. "డిక్కీలో ఏం వేస్తావో అడగకపోవడం నా తప్పు బాబాయ్. మిరపకాయ పండించేవాళ్ళ ఊళ్ళో అడగాల్సిన మొదటి మాట అదే. రేపొక్క పూట ఆగు. మీ కల్లంలోనే మూడు కంపెనీలవీ వినిపిస్తా. నచ్చకపోతే గుంటూరు పో."

మర్నాడు కల్లం నిండా కాయ ఎర్రగా ఆరబోసి ఉంది. ఖైరున్నీసా, ఇంకొందరు ఆడవాళ్ళు తలలు వంచుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. అఖిల ఒక బల్ల మీద మూడు సెట్లు పెట్టి తువ్వాలు కప్పింది. ఒకటి ఢిల్లీది, ఒకటి జపానుది, ఒకటి కొరియాది. ఆ పేర్లు నాకు నోరు తిరగవు. మూడింటికీ ఒకటే బ్యాటరీ, అవే స్పీకర్లు.

"ముసుగెందుకే?" అన్నాడు నాగేంద్రబాబు.

"పేరు కనిపిస్తే చెవి పని చెయ్యదు బాబాయ్."

పాట కూడా ఒకటే. కాయ కోతల్లో నేను పాడే పాటను అంతకుముందే ఫోనులో నా చేత పాడించి పెట్టుకుంది. నన్ను కల్లం పక్క పాకలో కూర్చోబెట్టి నోరు మెదపొద్దంది. నాకది ఎంత కష్టమో నీకు తెలుసు.

మొదటి సెట్టులో పాట మోగింది. ఒక్కరూ తలెత్తలేదు. "ఎవరో పాపం, జలుబు చేసింది" అంది ఖైరున్నీసా. రెండోది శుభ్రంగానే పాడింది. "రేడియోలో ఎవరో పాడుతున్నారు" అనుకున్నారు. మూడోది "ఎర్రని కాయే ఏరవె పిల్లా" అనగానే ఖైరున్నీసా లేచి నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చుట్టూ చూసింది.

"వెంకటరావమ్మక్కా, ఎప్పుడొచ్చావే?"

జవాబు రాకపోయేసరికి ఇంకెక్కడో ఉన్నాననుకుని, మేం కలిసి కాయ కోసిన రోజుల్లోలాగే "ఏరితి అక్కా, ఎండకు పోసితి" అని అందుకుంది. మిగతావాళ్ళూ అందుకున్నారు. పాకలో నాకు కళ్ళు చెమర్చాయి. ఈసారి మిరప పొడి కాదు.

నాగేంద్రబాబు గడ్డం గోక్కున్నాడు. "పాట సరే. మన ఎండకు ఆగొద్దూ?"

"ఆగుతుందో లేదో చూద్దాం" అని మూడింటినీ ఆ తువ్వాలు కిందే వాడి కార్లో పెట్టి, అద్దాలు బిగించి ఎండలో వదిలేసింది. అందరి భోజనాలూ అయ్యాక తలుపు తీస్తే లోపల పొయ్యిలా ఉంది. తువ్వాలు అంచు ఎత్తి చూస్తే మొదటిదాని తెర నల్లబడిపోయి ఉంది, నీడకు తెచ్చి చల్లార్చిందాకా వెలగలేదు. రెండోది పాడింది, అబద్ధమెందుకు. మూడోది చెయ్యి పెడితే చురుక్కుమంటున్నా పొద్దుటిలాగే పాడింది.

అప్పుడు తువ్వాలు తీసింది. మొదటిది ఢిల్లీది, రెండోది జపానుది, మూడోది కొరియాది. అన్నీ మీటలే.

"దీనికి తెరే లేదు" అన్నాడు వాడు నీరుగారిపోయి.

"నువ్వు తెర చూస్తే రోడ్డెవరు చూస్తారు బాబూ?" అంది ఖైరున్నీసా. కల్లమంతా నవ్వింది, వాడూ నవ్వాడు.

"ఇదే బిగించెయ్ అమ్మాయ్. మా బావమరిది బండి కూడా నీ దగ్గరికే పంపిస్తా."

అక్కడే, కల్లంలోనే బిగించింది. బుల్లయ్య ఎప్పుడొచ్చాడో, గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. డాష్‌బోర్డు కింద తల పెట్టిన అఖిల, స్క్రూడ్రైవరు కోసం బయటికి చెయ్యి చాచింది. వాడే వంగి దాన్ని కూతురి చేతిలో పెట్టాడు. విజయవాడ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒంగోలులో మీవాళ్ళు కారుకు ఏ సెట్టు మంచిదని అడిగితే, లక్ష్మీదుర్గా, ఈ కథ చెప్పు. కంపెనీల పేర్లు నాలాగే మరిచిపోయినా ఫర్వాలేదు, కాస్త ఉప్పూకారం కలిపినా ఫర్వాలేదు. మా అఖిల వదిన కట్టుకున్న కొట్టు అని మాత్రం గట్టిగా చెప్పు.