గురువారం డబ్బా

"ఈరోజు డబ్బా వద్దులే," అన్నాడు యువరాజ్, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

రంజని చేతిలో గరిటె ఆగింది. టిఫిన్ డబ్బాలో అప్పటికే పెరుగన్నం సగం పెట్టేసింది. ఇవాళ గురువారం. మొగుడు డబ్బా వద్దనేది మంగళవారాలే. అంబత్తూరులో అతను లేత్ మిషన్ తిప్పే షెడ్డుకు రెండు వీధుల అవతల సెలీనా ఉంటుంది. మంగళవారం పగలూ రాత్రీ అతనికి ఆమె చేతి అన్నం.

"పెట్టేసినా గదా. తీసుకపో," అంది. అతను ముఖం చూడకుండా డబ్బా తీసుకుని మెట్లు దిగిపోయాడు.

ఇది ముగ్గురూ ఎదురెదురుగా కూర్చుని ఒప్పుకున్న ఏర్పాటు. ఏదీ దాచకూడదు. సెలీనా ఈ ఇంటికి గానీ, రంజని పనిచేసే కొట్టుకు గానీ రాకూడదు. ఎవరికి బాధ కలిగినా నోరు తెరిచి చెప్పాలి. కావాలంటే రంజనికీ అదే స్వేచ్ఛ ఉంది. ఆమెకు అక్కర్లేకపోయింది, అంతే. నలుగురికీ తెలిస్తే సిగ్గుమాలిన సంసారమంటారు. అననీ. పెళ్లయిన మొదటి పదేళ్లలో యువరాజ్ ఆడిన అబద్ధాలకు అంతు లేదు. ఈ మూడేళ్లలో ఒక్కటీ ఆడలేదు.

పురసవాక్కంలో పరంధామయ్య కొట్టులో రంజని పని చీరలకు జాకెట్టు ముక్కలు జత చూడటం. పందొమ్మిదేళ్లుగా నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బాయి. చూపు మాత్రం చెక్కుచెదరలేదు. ఎంత రద్దీగా ఉన్నా ముక్క కత్తిరించే ముందు చీరనూ దాన్నీ వీధి మెట్ల మీదికి తీసుకుపోయి ఎండలో రంగు చూస్తుంది. ట్యూబులైటును నమ్మితే కొంప మునిగినట్టే.

పదకొండింటికి ముదురాకుపచ్చ చీరొకటి ఆమె ముందుకొచ్చింది. తలెత్తితే సెలీనా.

పక్కన కొట్టులో పనిచేసే ఆడపిల్లలు చూస్తున్నారని రంజని చీర అందుకుని, అలవాటుగా ఓ ముక్క తీసుకుని మెట్ల మీదికి నడిచింది. సెలీనా వెనకే వచ్చింది.

"ఈడికి రాకూడదని తెలుసక్కా. వేరే దారి లేక వచ్చినా. కోయంబత్తూరు పోతా ఉండాను, మా చెల్లి దగ్గరికి. ఇంక రాను." చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "ఆయన నాతో వచ్చేస్తా అన్నాడు. ముందు అక్కకు చెప్పు అన్నా. నెల రోజులుగా చెప్తా చెప్తా అంటా ఉండాడు. చెప్పినాడా?"

"లేదు."

"నీకు చెప్పనోడు రేపు నాకు చెప్తాడా అక్కా? వద్దని ముఖం మీదే చెప్పేసినా. వినడే. సాయంత్రం బండికి స్టేషన్‌కు వస్తాడంట. నేను పన్నెండున్నర బండికే పోతా. అదొక్కటి ఆయనకు చెప్పలే. తప్పే."

చీర తీసుకుని ఆమె జనంలో కలిసిపోయింది. రంజనికి ఆమె మీద కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది.

మధ్యాహ్నం యువరాజ్‌కు ఫోన్ చేసింది.

"ఏడ ఉండావు?"

"షెడ్లోనే."

అతని గొంతు వెనక పిండిమిషన్ గరగరలాడుతోంది. తమ మేడ కింద ఉన్నది, పట్టా అరిగి మధ్యమధ్య టపటపమనేది. ఆ చప్పుడు ఆమె నిద్రలో కూడా గుర్తుపడుతుంది.

"నాతో చెప్పాల్సింది ఏమన్నా ఉందా?"

"ఏముంది? ఏమీ లే."

"నాకుంది. మూడేళ్లుగా మంగళవారం రాత్రి నాకు నిద్ర పట్టదయ్యా. నువ్వు అడిగినప్పుడల్లా బాగుండా అన్నా. నేను గూడా దాచినా. ఇప్పుడు చెప్తా ఉండా. నువ్వు గూడా చెప్పు."

పిండిమిషన్ టపటపమంది.

"సాయంత్రం మాట్లాడదాం," అని పెట్టేశాడు.

పరంధామయ్యను పర్మిషన్ అడిగి మూడింటికే బస్సెక్కింది. అతను ఇంట్లో ఉంటే చాలు. ఉండి, పోతున్నానని నోటితో చెప్పి పోయినా చాలు. దారంతా అదే అనుకుంది.

తలుపుకు తాళం ఉంది. తన తాళంచెవితో తీసింది. గోడ కొయ్యకు వేలాడే అతని చొక్కాలు రెండు లేవు. అద్దం దగ్గర గడ్డం కత్తి లేదు. చీటీ ఏమన్నా పెట్టాడేమోనని దిండు కింద కూడా చూసింది, పిచ్చిది. ఏమీ లేదు.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. అతను స్టేషన్‌లో చేతిసంచీతో సెలీనా కోసం రైలు పెట్టెలన్నీ వెతుక్కుంటూ తిరగడం కళ్లకు కట్టింది. తిరగనీ, కాళ్లు పడిపోయేదాకా తిరగనీ అనుకుంది. కాసేపే. తర్వాత వాట్సాప్ తెరిచి ఆ చిన్న మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టుకుంది.

"సెలీనా మధ్యాహ్నం బండికే పొయ్యింది. ఆడ కాచుకోవద్దు. ఈడికి గూడా రావద్దు. నీకు చెప్పేసినా."

నీళ్లకని వంటింట్లోకి వెళ్లింది. గట్టు మీద డబ్బా ఉంది. పెరుగన్నమంతా తిని, కడిగి, ఎప్పటిలాగే బోర్లించి పోయాడు. దాని కింద తడి ఇంకా ఆరలేదు.