నా చేతి గోడ

ముందు గదిలో అద్దెకుంటున్న టైలరమ్మ ఒక పొద్దున జాకెట్టు ముక్క తెచ్చి నా ముందు పరిచింది. లేత పసుపు గుడ్డ. మధ్యలో అరచేయంత మరక, అంచులు తుప్పు రంగుకు తిరిగాయి.

"చూడు బాబాయ్. ఇవాళ కుట్టి ఇచ్చెయ్యాలి. గోడకున్న మేకుకి తగిలించానంతే. తెల్లారేసరికి ఇదీ సంగతి."

వెళ్ళి చూశాను. ఆమె మిషను వెనక గోడ నడుమెత్తున చెమర్చి ఉంది. సున్నం పొక్కులు లేచింది. చెయ్యి ఆనిస్తే చల్లగా అంటుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల పైనే. నీకు చెప్పడం, ఆ గోడకి చెప్పడం ఒకటేనని ఊరుకున్నాను. పొద్దునపూట మరీ ఎక్కువ. పైన కండక్టరు చెంబు ముంచాడంటే ఇక్కడ నా గోడ కారడం మొదలు."

ఆ గదికి సరిగ్గా పైనే, మేడ మీద అద్దెకున్న బస్సు కండక్టరు వాళ్ళ స్నానాల గది. ఆమె చెప్పింది నాకు కుదిరినట్టే అనిపించింది. కప్పు వైపు కూడా చూశాను. పైనుంచి దిగే నీళ్ళయితే ముందు కప్పును తడపాలి. కప్పు పొడిగా ఉంది. తాపీ పనిలో నలభై ఏళ్ళున్నవాణ్ణి, అది చూసి కూడా వదిలేశాను. ఎందుకంటే ఆ గోడ నేను కట్టింది. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు కట్టి, ఆదివారాలు మిగుల్చుకుని, ఒక్కో వరసా పేర్చుకున్న ఇల్లు. నా గోడ తప్పు చేస్తుందని నాకు తోచలేదు.

"ఇంక నావల్ల కాదు బాబాయ్. వాళ్ళన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి," అంది టైలరమ్మ.

ఆమె తొమ్మిదేళ్ళుగా ఉంటోంది. పైవాళ్ళు వచ్చి ఏడాది. నేను వాకిట్లోకి వచ్చేసరికి కండక్టరు భుజాన సంచీ వేసుకుని మధ్యాహ్నం డ్యూటీకి మెట్లు దిగుతున్నాడు.

"మీ ఇంట్లో నీళ్ళ వాడకం ఎక్కువైంది. కింద గోడ పాడైపోతోంది. నెలాఖరుకి వేరే ఇల్లు చూసుకోండి," అన్నాను.

అతను ఆగిపోయాడు. "ఏడాదిగా మీరు నాతో ఇంత పొడుగు మాట మాట్లాడింది ఇదే మొదటిసారి మామయ్యా. మొదటి మాటే దిగిపొమ్మనా? టిక్కెట్టు లేనివాణ్ణి కూడా నేను వచ్చే స్టాపు దాకా ఉండనిస్తాను."

పై మెట్టు మీద అతని భార్య నిలబడి ఉంది. "ఇంట్లో ముగ్గురం. పొద్దున మూడు బకెట్లు. మూడు బకెట్లకే కరిగిపోయే గోడైతే అది గోడేనా మామయ్యగారూ?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. లోపలికి వచ్చేశాను. టైలరమ్మ తన గుమ్మంలో నిలబడి అంతా వింది.

వాళ్ళకు ఆ ఇల్లు ఎందుకు కావాలో నాకు తెలియకపోలేదు. బస్సు డిపో వెనక వీధిలోనే ఉంది. వారంలో నాలుగు రోజులు అతనికి ఆరింటి బస్సు. దూరం వెళితే నాలుగింటికే లేచి నడవాలి. పిల్ల బడి సందు చివర. చదువు సగంలో ఉంది. అన్నీ తెలిసే అన్నాను.

వారం గడిచింది. పైన అట్టపెట్టెలు చేరాయి. ఊరి చివర ఏదో ఇల్లు చూశారని, ఆదివారం సాయంత్రానికి ఆ ఇంటివాళ్ళకు మాట చెప్పాలని మా ఆవిడ కబురు మోసుకొచ్చింది. చెప్పి అక్కడే నిలబడింది.

"ఏంటి?" అన్నాను.

"ఏం లేదు. ఊళ్ళో ఎవరి గోడ కారినా నీలిమందు పట్టుకెళ్ళి పోసి చూసేవాడివి. మన ఇంటికొచ్చేసరికి నోరు పారేసుకుని ఊరుకున్నావు. అదే ఆలోచిస్తున్నా."

"గోడ సంగతి నాకు తెలీదా?"

"తెలుసులే. కడుపున పుట్టిన పిల్లల్ని కూడా ఇంత వెనకేసుకురారు ఎవరూ."

నేను కండువా దులిపి భుజాన వేసుకున్నాను. బట్టలకు వాడే నీలిమందు డబ్బా తీసుకుని పైకి వెళ్ళాను. అది శనివారం సాయంత్రం. కండక్టరు భార్య తలుపు తీసి పక్కకు జరిగింది.

"రండి. వెతుక్కోండి. మీ ఇటుకలేమైనా పెట్టెల్లో సర్దేశామేమో చూడండి."

స్నానాల గదిలో నీళ్ళు పోయే కన్నంలో గుడ్డ కుక్కాను. నేల మీద రెండు బకెట్ల నీళ్ళు నిలబెట్టి నీలిమందు కలిపాను. తెల్లారేదాకా ఎవరూ కదపొద్దన్నాను. నేలలోంచి గానీ, గోడ మొదట్లోంచి గానీ నీళ్ళు దిగుతుంటే పొద్దునకల్లా కింద నీలం కనపడాలి. దాచుకోవడానికి వీల్లేని సాక్ష్యం అది.

పొద్దున అయిదింటికి మోటారు వేసి ట్యాంకు నింపి, టైలరమ్మ గదికి వెళ్ళాను. గోడ కారుతోంది. తెల్లటి నీళ్ళు. బొటనవేలితో తుడిచి దీపం కింద పెట్టి చూశాను. నీలం జాడ లేదు. పైకి వెళ్ళి చూస్తే పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి.

అప్పుడు తట్టింది. పొద్దున కారుతున్నది అతను స్నానం చేసినందుకు కాదు. అతను చెంబు ముంచే వేళకే నేను మోటారు వేస్తాను. ట్యాంకు నిండితే, గోడలోంచి దిగే గొట్టంలో నీళ్ళ బరువు పెరుగుతుంది. అంటే నీళ్ళు పైనుంచి దిగడం లేదు, గోడలోనే ఉన్నాయి.

ఉలి, సుత్తి తెచ్చాను. టైలరమ్మ మిషను మీద దుప్పటి కప్పింది. వేళ్ళ కణుపులతో గోడంతా కొట్టుకుంటూ పోయాను. ఒకచోట డొల్లగా పలికింది. అక్కడ నాలుగు దెబ్బలు వేశాను. పూత పెచ్చుగా ఊడి, గొట్టం మూతి బయటపడింది. దాని నోట్లో చెక్క బిరడా, చుట్టూ గోనె పీచు. చెక్క నల్లబడి నానిపోయి ఉంది. వేలితో తాకితే అంచు పిండిలా రాలింది. ఆ కన్నంలోంచి నీళ్ళు చిమ్మి నా చొక్కా తడిసింది. లేచి ట్యాంకు వాల్వు కట్టేసి వచ్చాను.

పై అంతస్తు లేనప్పుడు, గోడలు తడపడానికి ఆ మూలన ఒక కుళాయి పెట్టుకున్నాను. పని అయ్యాక కుళాయి ఊడదీశాను. ఇనప బిరడా రేపు తెచ్చి బిగిద్దామని చెక్కముక్క చెక్కి దిగ్గొట్టాను. ఆ రేపు రాకముందే పూత పనివాళ్ళు వచ్చారు. మా పనిలో అందరూ చేసేదే అది. అందరూ మర్చిపోనిది నేను మర్చిపోయాను. పందొమ్మిదేళ్ళు.

టైలరమ్మ నా వెనకే ఉంది. "అయితే బాబాయ్, పైవాళ్ళు కాదన్నమాట."

"కాదు."

"నేనేమో అన్నన్ని మాటలన్నాను."

"నువ్వు గుడ్డ చూసి అన్నావు. చూడాల్సింది చూడకుండా అన్నది నేను."

ఆ బిరడా ఊడదీసి చేత్తో పట్టుకుని మెట్లెక్కాను. పైన కండక్టరు పెట్టెకు తాడు బిగిస్తున్నాడు. బిరడా అతని ముందు పెట్టాను.

"తప్పు నాది. ఇది నేను పెట్టిందే. మీరు వెళ్ళక్కర్లేదు."

అతను దాన్ని తిప్పి చూసి నవ్వాడు. "దీనికోసమా మామయ్యా మమ్మల్ని ఊరి చివరికి తోలింది?"

అతని భార్య నవ్వలేదు. "ఇక్కడ చెబితే ఏం లాభం? ఆరోజు వాకిట్లో అన్నారు. ఆవిడ వింటుండగా అన్నారు. రేపు మళ్ళీ ఎక్కడో ఏదో కారితే మా పేరే వస్తుంది. సాయంత్రం వాళ్ళకి ఏం చెప్పాలో నేనింకా తేల్చుకోలేదు."

ఆమె అన్నది సబబే. మెట్లు దిగి వాకిట్లో నిలబడ్డాను. టైలరమ్మను పిలిచాను. మా ఆవిడ పిలవకుండానే వచ్చింది. పై మెట్టు మీద వాళ్ళు ముగ్గురూ నిలబడ్డారు. పిల్ల కూడా.

"గోడ కారింది నా పని మూలాన. వీళ్ళ తప్పు వెంట్రుకంత కూడా లేదు. చూడకుండా అనేశాను. ఉండమని అడుగుతున్నాను."

టైలరమ్మ పైకి చూసి, "నాదీ అదే మాట అక్కా," అంది.

కండక్టరు భార్య ఒక మెట్టు దిగింది. "బాగు చెయ్యడానికి ఎన్నాళ్ళు?"

"రెండు రోజులు. అతుకు గట్టిపడాలి. అందాకా ట్యాంకు నీళ్ళు రావు."

"మరి మాకు నీళ్ళు?"

"మోటారు దగ్గర కుళాయి ఉంది. నేను మోస్తాను."

"మీరా?" అంది. కండక్టరు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. "సరే, మొయ్యండి." లోపలికి వెళ్ళి ఫోను తీసుకుంది. ఊరి చివరి ఇల్లు తమకు వద్దని ఆమె చెప్పడం కింద దాకా వినిపించింది.

రెండు చేతులా రెండు బకెట్లు పట్టుకుని ఎక్కాను. ఇరవై రెండు మెట్లు. కట్టినప్పుడు లెక్క తెలుసు గానీ ఎత్తు తెలియలేదు. సగం దూరంలో ఆగి ఊపిరి తీసుకుంటుంటే పైనుంచి ఆమె గొంతు వినిపించింది.

"సగం సగం తెండి మామయ్యగారూ. ఒలకబోసి మెట్లు తడిపారంటే అది కూడా మా ఖాతాలోనే రాస్తారు."

కింద మా ఆవిడ, టైలరమ్మ ఒకేసారి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ, చేతిలో నీళ్ళున్నాయి. తొణక్కుండా ఎక్కాను.