ఆఫీసు పాలైన అమ్మ గొంతు

ఇంట్లో ఆవిడ ముద్దుపేరు పిడుగు. పేరు విని ఇల్లు పీకి పందిరేసే రకం అనుకునేరు, నోట్లో నాలుక లేని మనిషి. వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫిర్యాదులకు జవాబులు రాసే ఉద్యోగం. నీళ్ళు కారుతున్నాయని ఒకరు, కొన్ననాడే ఆగిపోయిందని ఇంకొకరు తిట్టిపోస్తుంటే, అందరికీ ఓపిగ్గా "మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం" అని రాయాలి. పొద్దస్తమానం అదే పని.

అందరూ ఒకేచోట కూర్చుని పనిచేసిన రోజుల్లో వాళ్ళ సెక్షన్లో పాట వంతు అని ఒకటి ఉండేది. శుక్రవారం టీ వేళకి ఒకరు ఇంటినుంచి పాట తేవాలి. అదీ అప్పటిదాకా ఎవరూ విననిది. తెలిసిన పాట తెచ్చారో, వారమంతా వాళ్ళని ఏడిపించి వదిలిపెట్టేవాళ్ళు. క్యాసెట్లు చేతులు మారాయి, సీడీలు మారాయి, పెన్ డ్రైవ్‌లు మారాయి. ఎవరి పెన్ డ్రైవ్‌లోంచో వైరస్ దూరి కంప్యూటర్లన్నీ పడకేసినా వంతు మాత్రం తప్పలేదు.

తర్వాత కంపెనీవాళ్ళు భవనం ఖాళీ చేసి, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని పని చేసుకోండన్నారు. టీ పోయింది, కబుర్లు పోయాయి, పక్క సీట్లో అందరూ వరస కలిపి పిలిచే వదిన పోయింది. పోయిందంటే నిక్షేపంగా ఉంది లెండి, కాకపోతే తెరమీద తలకాయగా మిగిలింది. పాట వంతు కూడా ఇంటర్నెట్‌లోకి మారింది. వాళ్ళ సెక్షన్ సార్ పాటల పెట్టె అని ఒకటి పెట్టించారు. అందులో పాట వేస్తే చాలు, అందరి చెవుల్లోనూ మోగుతుంది.

పిడుగు వంతు వచ్చింది. ఎవరూ వినని పాట ఈ కాలంలో ఎక్కడ దొరుకుతుంది? ఏది వెతికినా ఇంటర్నెట్‌లో అప్పటికే లక్షమంది వినేసి ఉన్నారు. ఆలోచించి ఆలోచించి, ఫోన్లో దాచుకున్న అమ్మ పాట తీసింది.

వాళ్ళమ్మ దర్జీ. కుట్టు మిషను తొక్కుతూ తనే కట్టుకున్న పాట పాడుకునేది. "సూది పోయే దారిలోనే దారమూ పోతుంది, నువ్వు పోయే దారిలోనే నా ప్రాణమూ పోతుంది" అని. పిడుగు ఒకరోజు ఫోను పక్కన పెట్టుకుని జవాబులు రాస్తూ దాన్ని రికార్డు చేసింది. పాట వెనక మిషను చప్పుడు వినిపిస్తుంది. చివర్లో మిషను ఆగి అమ్మ కసురుతుంది: "చాల్లే పిడుగూ, లేచి తిను." కిందటి వానాకాలం ఆ తల్లి కన్నుమూసింది. ఆ గొంతు మిగిలింది ఆ ఒక్క పాటలోనే.

పాటల పెట్టెలో వేస్తుంటే ఏదో పేద్ద షరతుల కాగితం తెరమీదికి వచ్చింది. మనందరిలాగే చదవకుండా ఒప్పుకుంటున్నానని నొక్కింది. ఫోన్లో చోటు మిగులుతుందని పాటని ఆ పెట్టెలోకే మార్చేసింది. చెల్లెలు పాట పంపమంటే ఆ పెట్టె లింకే పంపింది. పాటని జేబులో పెట్టుకు తిరిగే రోజులు పోయాయి కదా, లింకుంటే చాలనుకున్నారు ఇద్దరూ.

ఆ శుక్రవారం వదిన వెక్కి వెక్కి ఏడ్చింది. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పిడుగుకి గర్వంతో కడుపు నిండిపోయింది.

కొద్దిరోజులకి పని చేస్తుంటే ఆ పాటే మోగడం మొదలైంది. మొదట బాగానే ఉంది. తర్వాత గమనించింది, చివర్లో అమ్మ కసురు లేదు. పాట ముగియకుండా మళ్ళీ మొదటికి వస్తోంది. చేతులు రాస్తున్నంతసేపూ పాడుతుంది, చేతులు ఆగితే సన్నగిల్లి ఆగిపోతుంది. మీటింగులో సార్ సంబరంగా చెప్పారు, ఈ పాట వింటున్నప్పుడు ఎవరూ కుర్చీలోంచి లేవడం లేదని పాటల పెట్టె ప్రోగ్రాం కనిపెట్టిందట. అందుకని అన్ని బ్రాంచీల్లోనూ పెట్టారట.

మీటింగయ్యాక వదిన ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది.

"నిన్న అన్నం తినడం మర్చిపోయానమ్మాయ్. మీ అమ్మ పాడుతుంటే లేవబుద్ధి కాదు. నన్ను కూడా పిడుగూ అని పిలుస్తోంది, తెలుసా?"

"అమ్మ అలా పిలిచింది చివరి కసురులోనే, అది కోసేశారు కదా వదినా."

"నువ్వే విను," అని పెట్టేసింది.

పిడుగు హెడ్‌ఫోన్ పెట్టుకుని రాయడం మొదలెట్టింది. సూదీ దారం అయ్యాక అమ్మ గొంతు, అచ్చంగా అమ్మ గొంతే, మెత్తగా అంది: "ఇంకొక్కటి పిడుగూ. ఇంకొక్కటి రాసి లే."

బతికుండగా ఆ తల్లి ఎవరినీ ఇంకొక్కటి చెయ్యమని అని ఎరగదు, ఇంకో ముద్ద తినమని తప్ప. హెడ్‌ఫోన్ లాగి అవతల పడేసి సార్‌కి ఫోన్ చేసింది. మా అమ్మ పాట నాకిచ్చేయండి, మీ పెట్టెలోంచి తీసేయండి అంది. ఆ నోటికి అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, గట్టిగానే అంది.

సార్ ఏమాత్రం విసుక్కోలేదు. "మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నామమ్మా. సాయంత్రానికల్లా తీసేయిస్తాను," అన్నారు.

మాటంటే మాటే. మర్నాడు పొద్దున్నే చెల్లెలు ఫోన్ చేసి, పాప నిద్రపోక గుక్కపట్టి ఏడుస్తోంది, అమ్మ పాట పెడదామంటే లింకు పనిచేయడం లేదంది. పిడుగు తన ఫోన్లో పాటల పెట్టె తెరిచింది. పాట పేరున్న చోట ఖాళీ. కంప్యూటర్లో జవాబు మొదలెడితే మాత్రం అమ్మ గొంతు పాడుతూనే ఉంది. మళ్ళీ సార్‌కి ఫోన్ చేసింది.

"మీరే కదమ్మా తీసేయమన్నారు. ఎక్కడా ఆనవాలు లేకుండా తీయించాను."

"మరి ఇప్పటికీ పాడుతోందే, ఆ గొంతెవరిది?"

"అది మీ పాట కాదమ్మా. ప్రోగ్రాం నేర్చుకున్నది. కంపెనీది."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ ఆవిడ పరిస్థితి. అసలు పాట పోయింది, నేర్చిన గొంతు మిగిలింది. ఎవరిమీద అరవాలో తెలియక వంటింట్లో నేలమీద కూర్చుని ఏడ్చింది.

ఆదివారం చెల్లెలు పాపని చంకనేసుకుని వచ్చింది. అక్కా, చివర్లో అమ్మ ఎలా కసురుతుందే, ఒక్కసారి అని చూపించు అంది. పిడుగు నోరు తెరిచింది. మాటలు గుర్తున్నాయి గానీ గొంతు గుర్తురాలేదు. ఎంత తలచుకున్నా చెవిలో ఆ "ఇంకొక్కటి" మాత్రమే మోగుతోంది. పాప మళ్ళీ ఏడుపు అందుకుంది.

పిడుగు లేచి వెళ్ళి కంప్యూటర్ తెరిచింది. సెలవురోజైనా ఫిర్యాదులకేం, బోలెడు. ఒకటి తెరిచి "మీకు కలిగిన ఇబ్బందికి" అని మొదలుపెట్టగానే స్పీకర్లోంచి అమ్మ పాడింది. పాప ఏడుపు మానేసి చుట్టూ చూసింది. చెల్లెలు గోడకి జారగిలబడి కళ్ళు మూసుకుంది.

జవాబు అయిపోయింది, చేతులు ఆగాయి. పాట సన్నగిల్లింది. పాప ఏడవబోతూ పెదవి విరిచింది.

"ఆపకే అక్కా," అంది చెల్లెలు కళ్ళు తెరవకుండానే.

పొయ్యిమీద కూర చల్లారిపోయింది. పొద్దుటినుంచి పిడుగు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. "ఇంకొక్కటి పిడుగూ," అంది గొంతు.

"అలాగే అమ్మా," అని ఇంకో ఫిర్యాదు తెరిచింది.