ఎంగిలి పడ్డాక చెప్పే మాట

పెనాంగు నుంచి కౌలాలంపూరు వెళ్ళే దారిలో ఒక కొబ్బరితోట పక్కన బస్సు ఆగింది. ఆపమని గోల చేసింది పిల్లలే. తోటలో ఒక మనిషి పొడుగాటి తాడు పట్టుకుని నిలబడ్డాడు. తాడు అవతలి కొసన ఒక కోతి. అది చెట్టెక్కి, కాయని చేత్తోనూ కాలితోనూ తిప్పి తిప్పి తుంచి కింద పడేస్తోంది. కోనసీమలో పుట్టిన ఆ ఎనమండుగురు ఆడపిల్లలకి కొబ్బరిచెట్టూ కొత్త కాదు, కోతీ కొత్త కాదు. రెండూ కలిసి పనిచెయ్యడమే కొత్త.

“ఒసేవ్ వీరవేణీ, మీ నాన్న పని గోవిందానే. ఇది కూలి అడగదు, చుట్ట అడగదు” అంది వెనక సీట్లోంచి ఒక పిల్ల.

“ఏడిసింది. ఏ గెల ముదిరిందో, ఏది బొండమో మా నాన్న కింద నుంచే చెబుతాడు. దాన్ని చెప్పమను” అని వీరవేణి ముందు సీటు వైపు వంగింది. “మాస్టారండీ, దీన్నొకదాన్ని మనూరు పట్టుకెళ్ళిపోదామండి. మా నాన్న కిందే నిలబడి తాడు పట్టుకుంటాడు.”

బస్సంతా నవ్వింది. శరభయ్య మాస్టారు కూడా నవ్వేరు. ఆయన నవ్వగా పిల్లలు చూసి ఏడాది దాటింది.

అది ఎనభై రెండో సంవత్సరం వేసవి. కౌలాలంపూరులో స్థిరపడిన మంగరాజుగారు అంతకు ముందు ఏడాది అమలాపురం వచ్చేరు. రబ్బరు తోటల్లో పనికని వాళ్ళ తాత ఉప్పలగుప్తం నుంచి ఓడెక్కి వెళ్ళిపోయేడట. ఆ తాత పుట్టిన ఊరు చూసుకుందామని వచ్చిన మనిషి, హైస్కూలు వార్షికోత్సవంలో ఈ పిల్లల కోలాటం చూసి ముచ్చటపడ్డారు. తిరిగి వెళ్ళేక అక్కడి తెలుగువాళ్ళని కూడగట్టి, ఖర్చులన్నీ తామే పెట్టుకుని పిల్లల్ని రప్పించేరు. మద్రాసులో ఓడెక్కి పెనాంగులో దిగడం, అక్కణ్ణుంచి కౌలాలంపూరు, తరవాత సింగపూరు, మళ్ళీ అక్కడ ఓడెక్కడం. పిల్లలతో కోలాటం నేర్పిన కమలాంబ టీచరు బయల్దేరింది. తోడుగా ఒక మగ మాస్టారు ఉండాలన్నప్పుడు హెడ్మాస్టరు అచ్యుతరామయ్యగారు తెలుగు చెప్పే శరభయ్యగారిని వెళ్ళమన్నారు. భార్య శారదాంబగారి సంవత్సరీకాలు కూడా అయ్యేయి కదా, నాలుగూళ్ళు తిరిగితే మనసు మళ్ళుతుందన్నారు. కాదనడానికి మాటలు వెతుక్కోవాలి. ఆ ఓపిక లేక శరభయ్యగారు సరేనన్నారు.

కౌలాలంపూరులో బస మంగరాజుగారి ఇంట్లోనే. వెళ్ళిన రోజు మధ్యాహ్నం పిల్లలు పెరట్లో కోలాటం కర్రలకి గజ్జెలు బిగించుకుంటుంటే, ఇండియా నుంచి ట్రంకు కాలని మంగరాజుగారు శరభయ్యగారిని లోపలికి పిలిచేరు. హెడ్మాస్టరుగారి గొంతు నూతిలోంచి వచ్చినట్టు వినబడింది. వీరవేణి తండ్రి గంగరాజు మంగళవారం పొద్దున్న మామిడికుదురులో కొబ్బరికాయలు దింపు తీస్తూ చెట్టు మీంచి పడిపోయేడు. ఆసుపత్రి దాకా కూడా వెళ్ళలేదు. దహనం అయిపోయింది. ఫోను దొరకడానికి ఇన్నాళ్ళు పట్టింది.

“పిల్లకి చెప్పకండి మాస్టారూ. వాళ్ళమ్మ మాణిక్యం మరీ మరీ చెప్పమంది. పరాయి దేశంలో ఏడిస్తే పట్టుకోడానికి దానికెవరున్నారండి, నా దగ్గరికి తీసుకొచ్చెయ్యండి చాలు, అంది.”

ఇంకేదో అంటుండగానే లైను తెగిపోయింది.

కమలాంబ విని, పెరట్లో పిల్లలకి వినబడకుండా తలుపు దగ్గరగా వేసింది. పిల్లని విమానంలో పంపిస్తానని మంగరాజుగారు అన్నారు. కాని వెళ్ళి చూడ్డానికి అక్కడేముంది? ఒంటరిగా పద్నాలుగేళ్ళ పిల్లని, ఎందుకో చెప్పకుండా ఎలా ఎక్కిస్తారు? సింగపూరులో ఓడ ఎక్కడానికి ఇంకా వారం ఉంది. ఆ తరవాత నీళ్ళ మీద మరో వారం. అమలాపురంలో దిగేక, ఇంటికి చేరే ముందు కాస్త ఎంగిలి పడ్డాక చెబుదామంది కమలాంబ. ఉన్నన్ని రోజులూ పిల్లని పిల్లలా ఉండనివ్వమంది.

ఎంగిలి పడ్డాక అన్న మాట శరభయ్యగారికి గుచ్చుకుంది. కిందటేడు ఆయన కాకినాడలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నప్పుడు తమ్ముడు బాలగంగాధరం వచ్చి, వదినకి ఒంట్లో కాస్త నలతగా ఉంది, వెళదాం పదమన్నాడు. బస్టాండు దగ్గర హోటల్లో కూర్చోబెట్టి ఇడ్లీలు తెప్పించేడు. శరభయ్యగారు తిన్నారు. చట్నీ బాగుందన్నారు. ఇంకో ఇడ్లీ వేయించుకున్నారు కూడా. తమ్ముడు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. ఇంటి వీధి మలుపు తిరిగేక, అరుగు మీద జనాన్ని చూసేక గాని శారదాంబ పోయిందని ఆయనకి తెలీలేదు. తమ్ముణ్ణి ఆయన ఏమీ అనలేదు. అనడానికి ఏముంది, అందరూ అలాగే చేస్తారు. ఆ హోటలున్న వైపు మాత్రం మళ్ళీ వెళ్ళలేదు.

అయినా తల్లి మాట ఒకటుంది. కన్నతల్లి వద్దన్నదాన్ని చెప్పడానికి తనెవరు? ఆయన ఊరుకున్నారు.

కమలాంబ నోరు బడంతటికీ తెలుసు. అడుగు తప్పితే కోలాటం కర్రతో చీలమండ మీద ఒక్కటి తగిలించడం ఆమెకి అలవాటు. ఆ సాయంత్రం నుంచి వీరవేణి అడుగు తప్పినా ఆమె చూడనట్టు ఊరుకుంది. భోజనాల దగ్గర దాని పక్కనే కూర్చుని మారు వడ్డించింది. పెరుగు మీద మీగడ వేసింది. అరటిపండు తొక్క ఒలిచి చేతికిచ్చింది. మిగతా పిల్లలు ఒకర్నొకరు మోచేత్తో పొడుచుకున్నారు. టీచరుగారు వీరవేణిని పెంచుకుంటున్నారంటూ ఒక పిల్ల ఆట పట్టించింది. వీరవేణి ఆ పండు వంక చూసి, పక్కనున్న పిల్ల ఆకులో పెట్టేసింది.

ఆ పూట నుంచి ఆ పిల్ల అన్నం ముట్టలేదు.

అడిగితే కడుపులో బాగోలేదండి అంది. సింగపూరు వెళ్ళే బస్సులో అందరూ పులిహోర తింటుంటే కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఒక గ్లాసు టీ, రెండు గుక్కల మజ్జిగ, అంతే. సింగపూరులో బస మంగరాజుగారి అక్క అప్పాయమ్మగారి ఇంట్లో. పెద్ద మేడలో పదో అంతస్తు. వరసగా వాకిళ్ళు, వాకిళ్ళ ముందు పొడుగాటి వరండా. వెళ్ళిన మర్నాడు కోలాటం సాధన చేస్తుంటే వీరవేణి చేతిలో కర్ర జారిపోయింది. పిల్ల గోడ పట్టుకుని నిలబడింది. పెదవులు తెల్లబడ్డాయి. అప్పాయమ్మగారు డాక్టర్ని పిలుద్దామన్నారు. ప్రదర్శన రేపు సాయంత్రం. కోలాటం జంటల ఆట, ఒకర్తి తగ్గినా కుదరదు. కమలాంబ భయం ఆట గురించి కాదు. దేశం కాని దేశంలో ఈ పిల్లకి ఏమైనా అయితే ఆ తల్లికి ఏం చెబుతామని ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శరభయ్యగారు ఇంకోటి గమనించేరు. ఏదో దాస్తున్నారని అనుమానం వచ్చిన పిల్ల, పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంటే దగ్గరికొచ్చి చెవి ఒగ్గుతుంది. తరగతిలో అలాంటి పిల్లల్ని ఎందర్నో చూసేరాయన. ఈ పిల్ల దూరంగా వెళుతోంది. ఇంట్లో ఫోను మోగినప్పుడల్లా స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని కుళాయి తిప్పుతోంది. ఫోను పెట్టేసేక గాని బయటికి రావడం లేదు.

మర్నాడు పొద్దున్నే కమలాంబ వేడన్నం వండి, నెయ్యీ, ఊరు నుంచి తెచ్చిన ఆవకాయా కలిపి ముద్దలు చేసింది. ఒక్క ముద్ద, నా తల్లి కదూ, అని దాని నోటి దాకా తీసుకెళ్ళింది. వీరవేణి నోరు గట్టిగా బిగించి, లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. కమలాంబ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. శరభయ్యగారు లేచి పిల్ల వెనకాల వెళ్ళేరు.

పిల్ల పిట్టగోడ పట్టుకుని కిందకి చూస్తోంది. కింద బస్సులు అగ్గిపెట్టెల్లా వెళుతున్నాయి. ఆయన కాస్త ఎడంగా నిలబడ్డారు.

“ఆకలి లేదా అమ్మా?”

“ఉందండి.”

“మరి?”

పిల్ల చెప్పడం మొదలెట్టేక ఆగలేదు. ఆయన వంక మాత్రం చూడలేదు.

“మా నాయనమ్మ పోయినప్పుడు మా నాన్న చెట్టు మీదున్నాడండి. మా బాబాయి వెళ్ళి కిందకి దింపి, టీ తాగించి, బన్ను తినిపించేడు. అప్పుడు చెప్పేడండి. టీచరుగారు నన్ను తిట్టడం మానేసేరండి. అరటిపండు ఒలిచిచ్చేరండి. నేను తినేస్తే మీరు చెప్పేస్తారు. తినకపోతే చెప్పరు కదండీ.”

శరభయ్యగారు పిట్టగోడ మీద చెయ్యి వేసేరు.

“ఎవరికో తెలీదండి. పొద్దున్న అమ్మకేమో అనుకుంటాను. మజ్జాన్నం తమ్ముడేమో అనిపిస్తాది. ఆడికి ఈత రాదండి, కాలవ కాడికెళ్ళొద్దంటే ఇనడు. పడుకోబోతుంటే నాన్న గుర్తొస్తాడు. రోజూ ముగ్గురూ పోతన్నారండి.”

ఇన్ని రోజులూ ఒక పిల్లని పిల్లలా ఉండనిస్తున్నామనుకున్నారు వాళ్ళు. ఆ పిల్ల ముగ్గురి దుఃఖం ఒక్కర్తే మోసుకుని, ఖాళీ కడుపుతో కోలాటం ఆడుతోంది.

లోపల కమలాంబ ఉంది. ఒకసారి అడిగి చెబుదామా అనుకున్నారు. అడిగితే వద్దంటుంది. అక్కడ మాణిక్యం ఉంది. రేపు ఊళ్ళో దిగేక ఆమె ఎదట నిలబడి, నువ్వు వద్దన్నా చెప్పేనమ్మా అనాలి. అందుకు సిద్ధపడ్డారు. ఇక మాట. చావుకి ఎన్ని మాటలున్నాయో ముప్ఫై ఏళ్ళుగా తెలుగు చెప్పిన మనిషికి తెలుసు. కాలం చేసేరు, దాటిపోయేరు, దేవుడి దగ్గరికి వెళ్ళేరు. ఆ మాటలన్నిటికీ ఎక్కడో ఒక తలుపు ఓరగా తెరిచి ఉంటుంది. ఆ సందులోంచి చూస్తూ ఈ పిల్ల ఇంకో వారం నిలబడకూడదు.

“ఇటు చూడమ్మా” అన్నారు. పిల్ల చూసింది. “మీ అమ్మ క్షేమంగా ఉంది. తమ్ముడు క్షేమంగా ఉన్నాడు. మీ నాన్న చెట్టు మీంచి పడి చనిపోయేడు. మంగళవారం పొద్దున్న.”

ఆయన ఆగేరు. పిల్ల అడిగింది.

“బాగా నొప్పి పడ్డాడాండి?”

“నాకు తెలీదమ్మా. హెడ్మాస్టరుగారు చెప్పేది పూర్తి కాకుండానే ఫోను తెగిపోయింది. తెలియనిది నీకు చెప్పను. తెలిసిందేదీ ఇక దాచను.”

“తమ్ముడు నిజంగా బాగున్నాడాండి?”

“బాగున్నాడు.”

“అమ్మ?”

“బాగుంది. నువ్వు ఏడిస్తే పట్టుకోడానికి ఎవరూ ఉండరని చెప్పొద్దంది.”

ఆ పిల్ల ఆయ్ అని తలూపింది, తరగతిలో అర్థమైందా అంటే ఊపినట్టే. అలా ఊపుతూనే మోకాళ్ళ మీద కూలబడిపోయింది. అప్పుడొచ్చింది ఏడుపు. ఆ ఏడుపు వరండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెళ్ళింది.

కమలాంబ అన్నం చేత్తోనే బయటికొచ్చింది. సంగతి ఆమెకి అర్థమైంది. శరభయ్యగారి వంక ఒక్క చూపు చూసింది. ఆ చూపుని ఆయన తప్పించుకోలేదు. తరవాత ఆమె పిల్ల పక్కన నేల మీద చతికిలబడి, దాని తలని గుండెకేసి అదుముకుంది. ఎంగిలి చెయ్యి తగలకుండా దూరంగా చాపింది గాని, పిల్ల ఇంకా ఇంకా ఒదిగిపోతుంటే ఆ చెయ్యి కూడా వేసేసింది. వీరవేణి జడకీ వీపుకీ ఆవకాయ అన్నం అంటుకుంది.

మైలస్నానం చేయించాలని అప్పాయమ్మగారు లోపల నీళ్ళు పట్టేరు. సాయంత్రం ఆట లేదని మంగరాజుగారికి ఫోను చేసి చెప్పేరు. మిగతా పిల్లలు గుమ్మంలో గుంపుగా నిలబడ్డారు. బస్సులో ‘మీ నాన్న పని గోవిందానే’ అన్న పిల్ల అందరికన్నా వెనక నిలబడి గోడకేసి మొహం తిప్పుకుంది.

పక్క వాకిలి తలుపు తెరుచుకుంది. ఒక చీనా ముసలావిడ తొంగి చూసింది. ఆవిడకి తెలుగు రాదు, వీళ్ళకి ఆవిడ భాష రాదు. ఏమిటని అడగలేదు. లోపలికి వెళ్ళి ఒక పొట్టి స్టూలు తెచ్చి తన గుమ్మంలో వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపల పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చింది. ఆవిడ లేవలేదు.

శరభయ్యగారు కూడా చెప్పులు పక్కన విడిచి, వరండాలో కింద కూర్చున్నారు.